మూడు జలదీపలు, ఇద్దరు జీవమణులు

మా ఆసుపత్రిలో మైకు పాతది. పేరు పిలవడానికి ముందు ఒక్క క్షణం కరకరమంటుంది, ఎండిన కందికట్టె మీద ఎవరో నడిచినట్టు. ఆ తర్వాతే మాట వస్తుంది. మార్కాపురంలో నర్సుగా చేరి పద్నాలుగేళ్లు దాటినా, ఆ కరకర వినగానే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. "జీవమణి సిస్టర్, ఆడవాళ్ల వార్డుకు రావాలి" అన్న పిలుపు పూర్తయ్యేలోపే, కూర్చున్నచోటి నుంచే "వింటున్నా" అంటాను. కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు. "మైకుకు చెవులుంటాయా అక్కా?" అని ఒకమ్మాయి అడిగింది కూడా. నేనూ నవ్వి ఊరుకున్నాను. జవాబు చెప్పాలంటే ఇశ్రాయేలు తాత గురించి చెప్పాలి, ఆయన గురించి చెప్పాలంటే సముద్రం గురించి చెప్పాలి. మా మెట్ట ప్రాంతానికి సముద్రం ఎంత దూరమో తెలిసినవాళ్లు ఆ కథ నిలబడి వినరు.

మా ఊరు పెద్దారవీడు వైపు. నల్లమల కనపడేంత దగ్గర, నీళ్లు కనపడనంత ఎగువ. అమ్మా నాయనా పలకరాయి గనుల్లో కూలికి పోయేవాళ్లు. నాకు ముందు అమ్మకు ఒక కూతురుండేది. ఆమె పేరూ జీవమణే. తొమ్మిదేళ్ల వయసులో పోయింది. ఆమె పోయిన రెండేళ్లకు నేను పుట్టాను. పోయిన పిల్లే తిరిగొచ్చిందని మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, పట్టుబట్టి నాకు ఆ పేరే పెట్టించింది. అమ్మ వద్దనలేదు, సరేననలేదు. కానీ ఆ పేరుతో నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. పాపా అనేది, అమ్మీ అనేది, కోపమొస్తే ఏయ్ అనేది. అక్క ఎట్లా పోయిందని అడిగితే జేజి కసురుకునేది. "నోరు మూసుకోమ్మీ. సందేళ ఆ మాటలేంది?" పొద్దున అడిగినా అదే జవాబు. ఆ ఒక్క విషయానికి మా ఇంట్లో రోజంతా సందేళే.

నాకు చదవడం రెండో తరగతిలో వచ్చింది. చదవడం కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక పిచ్చి ఉంటుంది, కనపడిన ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కుంటారు. బస్సు మీద రాతలు, ఎరువుల సంచులు, గోడల మీద పాత ఎన్నికల పేర్లు, ఏదీ వదిలేదాన్ని కాదు. ఆ ఏడు ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోయాం. పెద్దవాళ్లు పాట పాడుతున్నారు. నేను సిలువల మీద పేర్లు చదువుకుంటూ పోయి ఒకదాని ముందు ఆగాను. "జీ, వ, మ, ణి. వయస్సు తొమ్మిది సంవత్సరములు." నాకప్పుడు ఏడేళ్లు. కరిగిన మైనం చేతి మీద పడినా తెలియలేదు. తొమ్మిదిలోంచి ఏడు తీసేయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి నేను రెండేళ్ల కోసం బతికాను. జ్వరమొస్తే ఇదేనేమో అనుకునేదాన్ని. రాత్రి దీపం ఆర్పితే జేజి కొంగు పట్టుకునేదాన్ని, కానీ ఎందుకో చెప్పేదాన్ని కాదు. పైకి చెబితే నిజమైపోతుందని భయం.

ఎనిమిదేళ్లప్పుడు దానికి ముద్ర కూడా పడింది. నన్ను హాస్టల్లో చేర్చడానికి పాస్టరుగారి ఉత్తరం కావాల్సి వచ్చింది. ఆయన కొత్తగా వచ్చినవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని, సంఘం పుస్తకం తెరిచి పైకి చదివాడు. "జీవమణి. తండ్రి ఏసుదాసు, తల్లి సువార్త. ప్రభువునందు నిద్రించినది." కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "నువ్వు నిద్రపోయినావంట గదమ్మా!" అన్నాడు. అసలు జరిగిందేమిటంటే, నేను పుట్టినప్పుడున్న పాత పాస్టరుగారు పుస్తకం తిరగేసి, అదే తల్లి, అదే తండ్రి, అదే పేరు, ఇదివరకే రాసి ఉంది కదా అని నన్ను మళ్లీ రాయలేదు. ఇద్దరికీ కలిపి ఒకే వరుస, దాని చివర చావు. మెట్ల మీద ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం కాళ్ల కింద నేల లేదు.

నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు, ఇశ్రాయేలు తాత. మాకు రక్తసంబంధం కాదు, మా వెనకింటి మనిషి. వయసులో ఉండగా సముద్ర తీరాన్ని కాపలా కాసే కోస్ట్‌గార్డులో నావికుడిగా చేరి, ఓడల మీదే తల నెరిసి, పింఛనుతో ఊరికి తిరిగొచ్చాడు. ఓడ ఇశ్రాయేలు అనేవాళ్లు ఆయన్ను. ఇంటి తలుపులకు ఓడలకు వేసే బూడిదరంగు వేయించాడు. మేక పలుపు మొదలు మంచం నులక దాకా ఆ ఇంట్లో ప్రతి ముడీ ఓడ ముడే. మేకను విప్పడం చేతకాక ఆయన భార్య రోజూ తిట్టుకునేది. సముద్రాన్ని చూసొచ్చిన మనిషి గుండె దిటవు గలవాడై ఉంటాడనుకుంటాం కదా. తాతంత పిరికిమనిషి మా ఊళ్లో ఇంకొకరు లేరు. మబ్బు పడితే గొళ్లేలు చూసేవాడు, చూసి మళ్లీ చూసేవాడు. టైర్లు తట్టి చూడనిదే బస్సెక్కేవాడు కాదు. "సముద్రాలీదినోనికి వానంటే భయమంట!" అని కుర్రవాళ్లు ఆటపట్టిస్తే నొచ్చుకునేవాడు కాదు. "భయమున్నోడే ముడి మూడుసార్లు చూసుకుంటాడు నాయనా" అనేవాడు.

ఆ ఆదివారం మేకకు ఆకు కోయాలని చెప్పి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఊరు దాటాక అడిగాడు. "ఏందమ్మీ, అట్ల వణుకుతున్నావు?"

ఏడాదికి పైగా లోపల దాచుకున్నది ఒక్కసారిగా బయటపడింది. "తాతా, నేను తొమ్మిదేండ్లకు సచ్చిపోతానా?"

ఇంకెవరైనా అయితే ఛీ, అవేం మాటలు అనేవాళ్లు. తాత కొడవలి పక్కన పెట్టి కూర్చున్నాడు. "ఆ పేరుతో ఒకరు పోయినారు. నీకా భయం రాకుంటేనే వింత. నేను గూడా అట్లాంటి పేరు మీద తొమ్మిదేండ్లు పండుకున్నా." మా దారుల్లో పగిలిన పలకముక్కలకు కొదవ లేదు. ఒకటి తీసి, గులకరాయితో దాని మీద "జలదీప" అని రాశాడు. దాని కింద మళ్లీ "జలదీప" అని రాశాడు. ఆయన ఎక్కిన మొదటి ఓడ పేరు అది, రెండో ఓడ పేరూ అదే. ఒకే ఓడనుకున్నాను. కాదు, రెండు ఓడలన్నాడు.

మొదటి జలదీప చిన్న ఓడ. ఒక తుపానులో చేపల పడవలను వెతకడానికి పోయింది. పడవలు దొరికాయి, మనుషులను ఎక్కించుకున్నారు కూడా. తిరిగి వచ్చేటప్పుడు ఒక అల పైనుంచి పోయి రేడియో పాడైంది. పాడవడమంటే పూర్తిగా కాదు. తీరం మాట వీళ్లకు వినపడుతోంది, వీళ్ల మాట తీరానికి పోవడం లేదు. "కరకరమని శబ్దం, దాని ఎనక పిలుపు. 'జలదీప, జలదీప, వినపడతాందా?' రాత్రంతా పిలిచినారు అమ్మీ. మేం గొంతులు చినిగేటట్టు అరిచినాం. వాళ్ల లెక్కలో మేం సచ్చిపోయినాం. మేం బతికుండి వింటున్నాం." తెల్లవారాక హాజరు పిలిచారు. సైమను అని తాత స్నేహితుడు, పక్క పరుపు మనిషి. అతని పేరు మూడుసార్లు పిలిచారు. జవాబు రాలేదు. అల తీసుకుపోవడం ఎవరూ చూడలేదు. ఆ ఓడ ఒడ్డు చేరింది గానీ మళ్లీ సముద్రానికి పనికిరాలేదు, ముక్కలు చేసి పాత ఇనుముకు ఇచ్చేశారు.

కొన్నాళ్లకు కొత్త ఓడ కట్టి దానికీ జలదీప అనే పేరు పెట్టారు. తాతకు దాని మీదికే ఉత్తర్వు వచ్చింది. పోవద్దని ఇంట్లో ఏడ్చారు. సచ్చిన పేరు పెట్టిన ఓడ ఎట్లా తేలుతుందని ఊరంతా అడిగింది. తాత ప్రాణాలు అరచేత పట్టుకుని పోయాడు. మొదటి రోజున కెప్టెను అందరినీ వరసగా నిలబెట్టి పాత జలదీప కథంతా చదివించాడట. ఎప్పుడు పుట్టింది, ఎవరిని కాపాడింది, ఎట్లా దెబ్బతిన్నది, అందులో ఎవరు పోయారు, ఏదీ దాచలేదు. సైమను పేరు కూడా చదివారు. పాత ఓడ గంటను తెచ్చి కొత్త ఓడలో వేలాడదీశారు. ఆ తర్వాతే తాళ్లు విప్పారు.

"బయలుదేరినాక రేడియోలో కరకరమంది. నా పానం ఆగిపోయింది. 'జలదీప, జలదీప' అని పిలిచింది తీరం. మా రేడియో పిల్లోడు బటను నొక్కి, 'జలదీప, వింటున్నాం' అన్నాడు. అంతే. నేను ఆ ఇనుప గోడ పట్టుకుని ఏడ్చినా. అప్పుడు తెలిసింది నాకు, పేరు మళ్లా ఎందుకు పెడతారో. ఆ రాత్రి తీరం అన్నిసార్లు పిలిచింది గదా, దానికి పలికేవాళ్లు ఒకరు ఉండాల."

"భయం పోయిందా తాతా?"

"యాడికి పోతది? తొమ్మిదేండ్లు నాతోనే ఉద్యోగం చేసింది" అన్నాడు తాత.

తర్వాతి ఆదివారం మా ఇంటికొచ్చాడు. జేజి గుమ్మంలో కూర్చుని ఉంది, అమ్మ బియ్యం చెరుగుతోంది. కూర్చోకుండానే జేజితో మొదలుపెట్టాడు. "అక్కా, కొత్త ఓడకు పేరు తగిలిస్తిరి, పాత ఓడ కథ చెప్పకపోతిరి. పిల్ల భయంతో సగమైపోయింది. చెప్పండి."

జేజి ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆఖరికి చెప్పింది. మా అక్క అమ్మకు సద్దిమూట తీసుకుని గనికి పోయింది. పనులు ఆపేసిన ఒక పాత గనిలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. పలక కడుక్కోవడానికి గట్టు దిగినట్టుంది. పలక నీళ్ల అంచున దొరికింది, సద్దిమూట గట్టు మీద దొరికింది. అమ్మకు అనుమానమొచ్చి వెతుకుతూ పోయేసరికి నీళ్లు కదలడం లేదు. జేజి చెబుతున్నంతసేపూ అమ్మ చేట ఆపలేదు. చివరికి తలెత్తకుండానే ఒక్క మాట అంది. "నేను పిలిచినా మామా. శానాసార్లు పిలిచినా." చేట అక్కడే పెట్టి పెరట్లోకి పోయింది. మా అమ్మ నోటికి ఆ పేరు ఎందుకు రాదో నాకు అప్పుడు అర్థమైంది. తెలియని భయం పోయి తెలిసిన భయం వచ్చింది. అదేమీ చిన్నది కాదు, కానీ దానికి ఒక చోటు ఉంది. ఇక జ్వరానికీ చీకటికీ భయపడే పని లేదు, గని నీళ్లకు భయపడితే చాలు.

తాత దాన్ని కూడా వదలలేదు. నాకు తొమ్మిదో ఏడు వచ్చిన ఎండాకాలం, నాయనకు మాత్రం చెప్పి, ఈత నేర్పడానికి నన్ను ఆ గనికే తీసుకుపోయాడు. వేరే బావిలో నేర్పవచ్చు కదా అని నాయన అడిగితే, "వేరే బావిలో ఈ పిల్లకు భయం లేదు గదయ్యా" అన్నాడట. పచ్చటి నీళ్లు, అంచుల్లో పొరలు పొరలుగా నల్లటి రాయి. తాత నా వీపుకు రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టాడు. నడుముకు తాడు కట్టి, రెండో కొస బండకు చుట్టి ముడి వేశాడు. మూడుసార్లు లాగి చూశాడు. ఆయన చేతులూ వణుకుతున్నాయి, నేను చూశాను. "తాతా, నీకూ భయమా?" అంటే, "లేకపోతే ఈ తాడెందుకమ్మీ" అన్నాడు. పట్టుకుని నీళ్లలోకి దించి, వెల్లకిలా పడుకోమన్నాడు. నేను ఆయన మెడ వదలనంటే వదలనని గోళ్లు దిగేసినా విసుక్కోలేదు. నాలుగు రోజులు ఇదే పని. ఐదో రోజు నా వేళ్లు వాటంతటవే వదులైనాయి. నీళ్లు నన్ను మోశాయి. చెవుల్లో నీళ్లు, పైన తెల్లటి ఆకాశం. అక్క చివరిగా చూసింది ఇదేనేమో అనిపించింది.

ఎవరు చెప్పారో తెలియదు, అమ్మ పలకలు కొట్టే షెడ్డు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. గట్టు మీద నుంచి చూస్తే పచ్చటి నీళ్ల మధ్య ఒక ఆడపిల్ల తల. తొమ్మిదేళ్ల పిల్ల తల. అమ్మ అరిచింది.

"జీవమణీ!"

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట నా పేరు వినడం అదే మొదటిసారి. నేను ఉలిక్కిపడి మునిగాను. తాత తాడు పట్టి లాగి, నా గడ్డం పైకెత్తి కేక పెట్టాడు. "పలుకమ్మీ! పేరు పిలిస్తే పలకాల!" నోటినిండా నీళ్లు. ఊసి, ఉన్న బలమంతా కూడగట్టుకుని అరిచాను. "అమ్మా! ఈడున్నా!" అమ్మ మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాను. మూడోసారి పిలిచింది. మూడోసారీ పలికాను. అమ్మ గట్టు మీద అట్లాగే కూలబడింది.

తర్వాత తాతకు పడిన తిట్లు రాయడానికి వీల్లేదు. ఆయన తలొంచుకుని తాడు చుట్టుకున్నాడు. ఇంటికి పోయే దారిలో అమ్మ ముందు నడిచింది, నేను వెనక. పది అడుగులకొకసారి వెనక్కి తిరగకుండానే జీవమణీ అనేది. నేను ఆఁ అనేదాన్ని. ఊరు చేరేదాకా అట్లాగే పోయాం. ఆ తర్వాతి ఆదివారం తాత పాస్టరుగారి పక్కన నిలబడి, సంఘం పుస్తకంలో నా పేరు కొత్త వరుసలో రాయించాడు. "జీవమణి, రెండవది" అని.

పదో ఏడు వచ్చింది. పదకొండు వచ్చింది. నేను నర్సునయ్యాను. సీసా మీద పేరు మూడుసార్లు చదవనిదే ఎవరికీ సూది వేయను, నన్నూ పిరికిదనే అంటారు. కొన్నేళ్ల కిందట తాతతో పాటు పనిచేసినాయన ఎవరో ఫోన్ చేసి, రెండో జలదీప ముసలిదై సెలవు తీసుకుందని, మూడో జలదీప నీళ్లలోకి దిగిందని చెప్పాడు. తాత నాకు ఫోన్ చేశాడు. సంతోషం కన్నా కంగారే ఎక్కువ ఆ గొంతులో. "పాత రెండింటి కథా చదివినారంటనా అమ్మీ? సైమను పేరు చదివినారా?" నాకేం తెలుసు? చదివారని చెప్పాను.

నిరుడు చలికాలం తాతను మా ఆసుపత్రికే తెచ్చారు. ఊపిరితిత్తుల నిండా నెమ్ము. మనుషులను పోల్చుకోవడం లేదు. దుప్పటి కొసను మంచం కడ్డీకి ఓడ ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. ఒక రాత్రి, పదకొండు గంటలప్పుడు, మైకు కరకరమంది. తాత కళ్లు పెద్దవి చేసి నా మణికట్టు పట్టుకున్నాడు. "తీరం పిలుస్తాంది! మన మాట పోవట్లేదు. ఎవరన్నా పలకండ్రా!" ఆ ముఖంలో ఉన్న భయాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన మళ్లీ ఆ తుపాను రాత్రి ఓడలో ఒంటరిగా ఉన్నాడు. ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను.

"జలదీప, వింటున్నాం. అందరం ఉన్నాం."

చెయ్యి కొంచెం వదులైంది. "సైమనూ?" అన్నాడు.

పాత ఓడ కథలో ఏదీ దాచకూడదని నేర్పిందే ఆయన. అయినా అన్నాను. "పిలిచినాం తాతా. పలికినాడు." ఆయన ముడి విప్పేసి పడుకున్నాడు. మర్నాడు పొద్దున పోయాడు. నేనే కళ్లు మూశాను. మూసే ముందు మూడుసార్లు నాడి చూశాను.

ఇప్పుడు అమ్మ నాతోనే ఉంటోంది. కిందటి ఈస్టరుకు ఇద్దరం సమాధుల తోటకు పోయాం. తాతకు ఒక కొవ్వొత్తి వెలిగించి అక్క దగ్గరికి వచ్చాం. అమ్మ సిలువను చేత్తో తుడిచి, మెల్లగా జీవమణీ అంది. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఏ జీవమణిని పిలిచిందో నాకు తెలియదు. ఏడేళ్లప్పుడు ఆ అక్షరాల ముందు వేసిన భయమే మళ్లీ కాళ్ల నుంచి పైకి పాకింది.

"వింటున్నా అమ్మా" అన్నాను.